చక్రం పట్టుకున్న చెయ్యి

కోరమండల్,
జూన్ రెండో వారం.

మునిశంకర్ అన్నకు, గంగ రాస్తున్నది.

మామిడిపండ్ల బుట్ట అందింది. పైన బంగారంలాంటివి పేర్చి అడుగున మెత్తబడినవి దాచే విద్య మండీ వాళ్ళ దగ్గర చూపించు, చెల్లెలి దగ్గర కాదు. అయినా మెత్తవే ముందు తిన్నాం, తియ్యగా ఉన్నాయి.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని వదిన నవ్వుతుందేమో. బంగారు గనిలో మిషన్ల మోతకు నీ చెవులు పోయి ఎన్నేళ్ళయింది? నేను ఫోన్‌లో అరిస్తే ఈ గని కార్మికుల లైనులో ఇళ్ళన్నిటికీ వినపడుతుంది, నీకు తప్ప. ఇంకో సంగతి, ఇది నయనకు తెలియకూడదు. నా కూతురు తెలుగు మాట్లాడుతుందే గానీ చదవలేదు, కన్నడ బడి పిల్ల కదా. చిన్నప్పుడు నువ్వు పలక మీద దిద్దించిన అక్షరాలు ఇన్నాళ్ళకు దాపరికానికి పనికొచ్చాయి.

నయనకు మాలూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. పొద్దున ఇక్కడి నుంచే రైలుంది. రెండో షిఫ్టు వదిలాక మాత్రం బంగారపేట దాకానే రైలు దొరుకుతుంది, అక్కడి నుంచి ఇంటికి రావడానికి ఏమీ ఉండదు. అందుకని వాళ్ళ నాన్న మోటార్‌సైకిల్ తీస్తానంటుంది. పోయేటప్పుడు బంగారపేట దాకా దాని మీద పోయి స్టాండులో పెట్టుకుని, వచ్చేటప్పుడు వేసుకొస్తుందట. కాగితాలు రెన్యూ చేయించింది, టైర్లు మార్పించింది, రాబర్ట్‌సన్‌పేట నుంచి మెకానిక్ అంబరీష్‌ను పిలిపించి ఇంజన్‌ను కూడా పలికించింది. మీ బావ పోయినప్పటి నుంచి ముందు గదిలో కదలకుండా ఉన్న బండి ఒక్కసారిగా గుర్రుమంటే నా చేతిలో కత్తెర జారిపోయింది.

అన్నీ అయ్యాయి. ముందు చక్రం ఒక్కటే ఒప్పుకోవడం లేదు. బండిని బయటికి నెడితే గడప దాకా వస్తుంది, అక్కడ బిగుసుకుంటుంది. బ్రేకు ఎవరూ పట్టుకోరు, అయినా పట్టినట్టే ఉంటుంది. నయన, నేను ఇద్దరం తోసినా కదలదు. విసిగి వదిలేసి కాఫీ తాగి వస్తే తనంతట తానే వదిలేసి ఉంటుంది.

ఎవరు పట్టుకున్నారో నాకు తెలుసు అన్నా. గుండె జబ్బుతో ఆయన మంచం పట్టిన రోజులు నీకు గుర్తున్నాయి కదా. మంచం బండి పక్కనే వేయించుకున్నాడు. పడుకునే చెయ్యి చాచి ఆ బ్రేకు నొక్కేవాడు, వదిలేవాడు. గని మూతపడినా ఆ చేతికి ఏదో పని కావాలి. ఆ ఆఖరి పొద్దు నేను గంజి తెచ్చేసరికి చెయ్యి బ్రేకు మీదే ఉంది, వేళ్ళు బిగించి ఉన్నాయి. ఒక్కో వేలూ నేనే విడదీశాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

కూతుర్ని వెళ్ళవద్దంటున్నాడా? వద్దంటుంటే నేను ఎట్లా పంపేది? ఉద్యోగం వదులుకోమని దానితో ఎట్లా చెప్పేది? నువ్వు ఫిట్టరువి, చెప్పు.

గంగ

*

కురుడుమలె,
జూన్ నెలాఖరు.

చెల్లెలు గంగకు,

అడుగున మెత్తవి పెట్టింది మీ వదిన. నేను చెప్పినట్టు చెప్పకు.

ఉద్యోగం సంగతి విని వినాయకుడి గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చాను. మన ఇంటి ఆడపిల్ల తన బండి మీద తాను ఇంటికి వస్తానంటే నాకు గర్వంగా ఉంది.

బావ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు గొట్టం చూడు. హ్యాండిల్ మీద ఒక చిన్న కప్పు ఉంటుంది. దాని కింద నుంచి చక్రం దాకా నల్లటి రబ్బరు గొట్టం ఒకటి దిగుతుంది. బ్రేకు నొక్కితే కప్పులో ద్రవం ఆ గొట్టంలోంచి పోయి కింద చక్రాన్ని పట్టిస్తుంది. వదిలితే వెనక్కి రావాలి. గొట్టం పాతబడితే పైకి బాగానే ఉంటుంది, లోపల రబ్బరు ఉబ్బి దారి పూడుకుంటుంది. చేత్తో గట్టిగా నొక్కుతాం కాబట్టి ద్రవం పోతుంది. వెనక్కి రావడానికి అంత బలం ఉండదు. అక్కడే నిలిచిపోయి చక్రాన్ని పట్టుకునే ఉంటుంది.

గొట్టాన్ని వేళ్ళతో వంచి చూడు, పగుళ్ళు కనిపిస్తాయేమో. రెండు కొసల దగ్గర తడి ఉందేమో చూడు. ఇక ముఖ్యమైంది, కప్పు మూత తీసి లోపలి ద్రవం ఏ రంగులో ఉందో రాయి. అంతవరకూ నయనను బండి ఎక్కనివ్వకు. మిగతావి ఏవి పాడైనా బండి ఆగిపోతుంది, అంతే. ఇది పాడైతే ఆగదు, లేకపోతే ఆగకూడని చోట ఆగుతుంది.

నేనే వచ్చి చూద్దామంటే ఆవు ఈనేలా ఉంది.

నీ అన్న
మునిశంకర్

*

కోరమండల్,
జూలై.

అన్నకు,

నీ ఆవు పదేళ్ళుగా ఈనుతూనే ఉంది. మీ బావ కర్మలు అయ్యాక నువ్వు మా గడప తొక్కలేదు. రమ్మని అడగను.

చూడమన్నావు, చూశాను. గొట్టం వంచితే నా మడమల్లాగే పగుళ్ళు కనిపించాయి. తడి లేదు. ద్రవం రంగు అడిగావు, నీళ్ళలాగా తెల్లగా ఉంది. ఎందుకుండదు? ఏటేటా నేనే పోస్తున్నాను.

ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయుధపూజకు బండి కడిగి, విభూతి పట్టెలు పెట్టి, కప్పు మూత తీసి ఒక చిన్న డబ్బాలోంచి కొంచెం పోసేవాడు. ఆయన పోయిన ఏడాది ఆ డబ్బా చూస్తే అడుగంటి ఉంది. దీపంలో నూనె తగ్గితే ఊరుకుంటామా? నా కుట్టుమిషన్ నూనె పోశాను. మంచి నూనె అన్నా, తెల్ల జాకెట్టు మీద పడినా మరక కనపడదు. అప్పటి నుంచి ఒక్క ఏడాది కూడా మానలేదు. ముందు నా మిషన్‌కు, తర్వాత ఆయన బండికి. చక్రం కింద నిమ్మకాయ కూడా పెడతాను. తొక్కించేవాళ్ళు లేక అక్కడే ఎండిపోతుంది.

నీకు నవ్వులాటగా ఉందేమో గానీ, మొన్న మధ్యాహ్నం కాజాలు కుడుతుంటే బ్రేకు టక్కుమంది. నయన ఇంట్లో లేదు. లేచి చూశాను. ముందు గదిలో బండి, దాని మీద ఎండ. పోయి బ్రేకు పట్టుకుంటే వెచ్చగా ఉంది. ఎండకే అయ్యుంటుంది. అయినా చెయ్యి తీయబుద్ధి కాలేదు, మిషన్ మీద పని వదిలేసి అట్లాగే నిలబడ్డాను.

ఇంకొకటి ఎప్పుడూ అడగాలనుకునేదాన్ని. నన్ను వెనక కూర్చోబెట్టుకున్నప్పుడల్లా ఆయన బయలుదేరే ముందు టాంకు మీద మూడుసార్లు తట్టేవాడు. తనొక్కడే పోయేటప్పుడు తట్టేవాడు కాదు. ఏదో మొక్కు అనుకునేదాన్ని. నీకేమైనా తెలుసా?

గంగ

*

కురుడుమలె,
జూలై నెలాఖరు.

గంగకు,

నీ ఉత్తరం చదివి అన్నం దగ్గర నుంచి లేచాను. కోప్పడను. నిదానంగా చదువు, తర్వాత దీన్ని తీసుకుపోయి అంబరీష్‌కు చదివి వినిపించు.

ఆ కప్పులో పోసేది నూనె కాదు. బ్రేకు ఫ్లూయిడ్ అని వేరే ఉంటుంది. ఏ రకం పోయాలో కప్పు మూత మీదే ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మిషన్ నూనె తగిలితే ఆ రబ్బరు నీళ్ళలో నానేసిన శనగల్లాగా ఉబ్బుతుంది. గొట్టం ఒక్కటే కాదు. పైన కప్పు కింద ఉండే రబ్బరు వాషర్లు, కింద చక్రం దగ్గర ఉండే రబ్బరు రింగులు, అన్నీ ఉబ్బి ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు కాస్త వదులుతాయి. కొంతదూరం నడిచి వేడెక్కితే గట్టిగా పట్టేస్తాయి. నడిరోడ్డు మీద ముందు చక్రం పట్టేస్తే ఏమవుతుందో నేను రాయక్కరలేదు.

కాబట్టి గొట్టం ఒక్కటి మారిస్తే చాలదు. లోపల మిగిలిన నూనె కొత్తదాన్నీ పాడుచేస్తుంది. నూనె తగిలిన రబ్బరు అంతా తీసేయాలి, మిగిలిన ఇనుప భాగాలను కొత్త ఫ్లూయిడ్‌తోనే కడగాలి. పెట్రోలుతో కడగనివ్వకు, అది కూడా రబ్బరుకు శత్రువే.

గొట్టం సంగతి. పాత సామాను అంగట్లో వేరే బండి నుంచి ఊడదీసినది అస్సలు వద్దు. దాని వయసు ఎవరికీ తెలియదు, లోపల ఎట్లా ఉందో ఎవరికీ కనపడదు. ఎర్రగా నీలంగా మెరిసే పేరులేని గొట్టాలు వేలాడదీసి ఉంటారు, అవీ వద్దు. మన బండికి కంపెనీ చేసిన రబ్బరు గొట్టం, తయారీ తేదీతో, సీలు వేసిన కవరులో దొరికితే అది వేయించు. ఇంత పాత బండికి దొరకకపోవచ్చు. అప్పుడు బెంగళూరు జె.సి. రోడ్డులో స్టీలు తీగ అల్లిన గొట్టం దొరుకుతుంది. లోపల టెఫ్లాన్ గొట్టం ఉంటుంది, అది ఉబ్బదు. అయితే తయారుచేసినవాడి పేరు, ఎంత ఒత్తిడికి పరీక్షించారో దాని మీద ఉండాలి. తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, లేకుంటే ఒరుసుకుని పక్కవాటిని కోసేస్తుంది. హ్యాండిల్ ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పినా గొట్టం బిగుసుకోకూడదు, టైరుకు తగలకూడదు. కొసల్లో రాగి వాషర్లు కొత్తవే వేయాలి.

ఇక మూడు తట్లు. గనిలోకి మమ్మల్ని దింపే ఇనుప బోను, అదే కేజీ, దిగేటప్పుడు కింద నుంచి, పైన నుంచి దాన్ని తాడుతో దింపే వైండింగ్ ఇంజన్ గదికి గంట కొట్టేవాళ్ళం. మూడు కొడితే మనుషులు ఎక్కారని. రాయి కాదు, సామాను కాదు, మనుషులు. మెల్లగా దింపు, బ్రేకు మీద చెయ్యి ఉంచు అని. బావ ఆ ఇంజన్ నడిపినవాడు. నిన్ను ఎక్కించుకున్నప్పుడు తనకు తాను గంట కొట్టుకున్నాడు.

మునిశంకర్

*

కోరమండల్,
ఆగస్టు.

అన్నకు,

ఉత్తరం అందింది.

అంటే పదేళ్ళుగా నేను పట్టుకుని కూర్చున్నది కుట్టుమిషన్ నూనెనన్నమాట. బాగుంది. నువ్వు చదువుకున్న విద్య నీకు, నాకు మిగిలిందల్లా ఉబ్బిన రబ్బరు.

గొట్టం మార్పించాం. చక్రం ఇప్పుడు హాయిగా తిరుగుతుంది. నయన గడప దాటించి ఒంటిచేత్తో నడిపించుకుపోయింది, దాటేటప్పుడు నవ్వింది కూడా. నేను లోపలికొచ్చి మిషన్ ముందు కూర్చున్నాను. ముందు గది ఖాళీగా ఉంది. నేల మీద బండి నిలిచిన చోటు ఒక్కటే నల్లగా ఉంది. ఎంత కడిగినా పోలేదు.

మధ్యాహ్నాలు ఇప్పుడు ఏ చప్పుడూ వినపడదు. నీకు సంతోషమే కదా.

ఇక బ్రేకుల గురించి రాయకు.

గంగ

*

కురుడుమలె,
సెప్టెంబరు మొదటి వారం.

గంగా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. ఏ గొట్టం వేశాడు? ఎక్కడ తెచ్చాడు? రబ్బరు వాషర్లు, రింగులు మార్చాడా, కడిగాడా? నా ఉత్తరం అతనికి చదివి వినిపించావా? గొట్టం మార్పించామని రాశావే గానీ ఈ ఒక్క మాట రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు అర్థమవుతుంది, అందుకే భయంగా ఉంది.

జవాబు వచ్చేవరకూ బండి తాళం నీ దగ్గర పెట్టుకో.

మునిశంకర్

*

కోరమండల్,
సెప్టెంబరు.

అన్నా,

నీ ఉత్తరం ఒక్క రోజు ఆలస్యంగా వచ్చింది.

నయన పడింది. ప్రాణానికి ఏమీ కాలేదు, ముందే చెబుతున్నాను. బంగారపేట నుంచి వస్తుంటే సగం దారిలో బండి బరువెక్కినట్టయిందట. ఇంజన్ అనుకుంది. కొంచెం ముందుకు రాగానే ముందు చక్రం పట్టేసింది. మలుపులో మెల్లగా వస్తోంది కాబట్టి పక్క మట్టిలో పడింది. మోచెయ్యి గీసుకుపోయింది, గడ్డం దగ్గర చిన్న గాయం. ఎవరో పాల వ్యానువాళ్ళు బండితో సహా ఇంటికి చేర్చారు.

నేను రాసేది చదివి నన్ను ఏమైనా అను. అది గడప దగ్గర నిలబడి, "మా, మళ్ళీ పట్టుకునిందిమా చక్రము, ఎవరో పట్టుకున్నట్ల పట్టుకునింది" అంది. మోచెయ్యి నుంచి రక్తం కారుతోంది. నాకు ముందు కలిగింది సంతోషం అన్నా. ఆయన వచ్చాడని. వెళ్ళిపోలేదని. నా కళ్ళు ముందు బండి మీదికి పోయాయి, తర్వాత పిల్ల మీదికి వచ్చాయి. నయన అది చూసింది. తనే పోయి కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంది.

నీ ఉత్తరం నేను అంబరీష్‌కు చదవలేదు. మిషన్ నూనె మాట చెప్పలేదు. "గొట్టము పగిలిపోయి ఉండాది అక్కా, మా అంగట్లో ఇంగొక బండిది ఉండాది, వేసేస్తాను" అన్నాడు. నీ మాటలు గుర్తొచ్చాయి, అయినా వేయనిచ్చాను. అంతా మార్చేస్తే ఆయన నిజంగా పోతాడనిపించింది. కొంచెం ఆయన్ను మిగుల్చుకుందామనుకున్నాను. మిగిల్చింది ఎక్కడో చూడు, నా కూతురు కూర్చునే బండిలో.

ఇప్పుడు నయన నాతో సరిగా మాట్లాడటం లేదు. బండి ముందు గదిలో ఉంది. చక్రం బిగుసుకుని ఉంది. రాత్రి దాన్ని చూస్తే ధైర్యంగా ఉండేది, ఇప్పుడు ఆ గదిలోకి పోవాలంటే భయం.

ఒక్కటి చెప్పు. ఆ చక్రం పట్టుకున్నది ఆయన కాదని నువ్వు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలవా? రబ్బరు మాట వద్దు, అది అర్థమైంది. ఆయన గురించి చెప్పు.

గంగ

*

కురుడుమలె,
సెప్టెంబరు నెలాఖరు.

చెల్లెలు గంగకు,

బావ గురించి అడిగావు. నీకు తెలియని ఒక సంగతి చెబుతాను.

ఒక పొద్దున షిఫ్టుకు మేమంతా గనిలోకి దిగే షాఫ్టు దగ్గర కేజీ కోసం నిలబడ్డాం. కేజీ రాదు. ఇంజన్ గదిలో బావ, ఒక అధికారి కేకలేసుకుంటున్నారు. నేను ఫిట్టర్ని కాబట్టి నన్ను లోపలికి పిలిచారు. అప్పటికి నాకు చెవులు బాగానే ఉన్నాయి. ఇంజన్ బ్రేకు పట్టుకుని వదిలేటప్పుడు కాస్త ఆలస్యం చేస్తోంది, అంతే. ఇంకెవరైనా గమనించేవాళ్ళు కూడా కాదు. అధికారి, "పట్టుకుంటోంది కదా, ఇంకేం కావాలి?" అన్నాడు. దానికి బావ చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"పట్టుకునేది ఎవురైనా పట్టుకుంటారు సార్. వదలమంటే వదలాల. వదలని బ్రేకుతో నేను మనుషుల్ని దింపేది లేదు."

ఉద్యోగం పోతుందన్నారు. బావ కుర్చీ దిగి బయటికొచ్చి బీడీ ముట్టించుకున్నాడు. మేము బ్రేకు విప్పి, శుభ్రం చేసి, బాగు చేసి అప్పజెప్పేదాకా మళ్ళీ ఆ కుర్చీ ఎక్కలేదు. ఆ రోజు మేమంతా ఆలస్యంగా దిగాం, అందరం పైకి వచ్చాం.

గంగా, నేను దేవుణ్ణి నమ్ముతాను, దయ్యాన్నీ నమ్ముతాను. చనిపోయినవాళ్ళు మనల్ని వదిలి ఎక్కడికీ పోరని నమ్ముతాను. కానీ సోమశేఖర్ బావ చెయ్యి నాకు తెలుసు. ఎన్నో ఏళ్ళు ఆ చేతిని నమ్మి భూమిలోకి దిగాను. వదలాల్సినప్పుడు వదలని చెయ్యి అది కాదు. కన్నకూతురి చక్రాన్ని నడిరోడ్డు మీద పట్టుకునేవాడు ఎవడైనా కావచ్చు, బావ మాత్రం కాదు. గుండె మీద చెయ్యి వేసుకునే రాస్తున్నాను.

ఆఖరి పొద్దు బ్రేకు మీద వేళ్ళు బిగించి ఉన్నాయన్నావు. నువ్వు విడదీస్తే వచ్చాయి కదా. అక్కడితో అయిపోయింది.

నేను ఎందుకు రావడం లేదో కూడా రాస్తాను, ఆవు మాట అబద్ధం. బస్సు దిగగానే షాఫ్టు టవరు కనపడుతుంది. దాన్ని చూస్తే గంట వినపడుతుంది నాకు. పక్కన మనిషి అరిస్తే వినపడని చెవుల్లో ఆ గంట మోగుతుంది. కేజీ లేదు, ఇంజన్ లేదు, బావ లేడు, షాఫ్టు నిండా నీళ్ళు. ఎవరు ఎక్కారని ఆ గంట? బావ కర్మల రోజు మీ ఇంట్లో కూర్చున్నంతసేపూ అది ఆగలేదు. అందుకే పారిపోయాను. నువ్వు ఒక్కదానివే అనుకోకు.

ఈ ఉత్తరం అంబరీష్ అంగట్లో నయన ముందు గట్టిగా చదువు. వేసిన గొట్టం పారేయండి. స్టీలు తీగ అల్లిన కొత్తది, నేను ముందు రాసినట్టు పేరూ పరీక్ష గుర్తూ ఉన్నది తెప్పించు. పైన కప్పు కింది భాగం మొత్తం కొత్తది వేస్తే ఇంకా మంచిది. చక్రం దగ్గర రింగులన్నీ కొత్తవి. కొత్త ఫ్లూయిడ్ పోసి, గాలి బుడగ ఒక్కటి లేకుండా తీయాలి. అయ్యాక బ్రేకు గట్టిగా పట్టుకుని ఉండమని నయనకు చెప్పి, నువ్వు ప్రతి అతుకు దగ్గరా తెల్లబట్ట అద్ది చూడు. తడి తగిలితే మళ్ళీ విప్పాలి. తర్వాత బండి కొంచెం దూరం నడిపి వచ్చి, చక్రం ఎత్తి తిప్పి చూడాలి. వేడిలో కూడా వదలాలి.

మునిశంకర్

*

కోరమండల్,
ఆయుధపూజ మరునాడు.

మునిశంకర్ అన్నకు,

చదివాను. అంబరీష్ అంగట్లో, స్టూలు మీద కూర్చుని, నయన ఎదురుగా నిలబడి ఉండగా నీ ఉత్తరం మొదటి నుంచి చదివాను. అంతకు ముందు నేనే నోటితో చెప్పాను, మిషన్ నూనె సంగతీ, చెప్పకుండా దాచిన సంగతీ. అంబరీష్ తల పట్టుకుని, "అక్కా, ఆ మాట ముందే చెప్పకూడదా? నేను వేసింది తప్పే, నువ్వు దాచింది ఇంగా పెద్ద తప్పు" అన్నాడు. మాట పడ్డాను. బ్రేకు విప్పి రబ్బరు వాషరు నా అరచేతిలో పెట్టాడు. ఉబ్బి, మెత్తగా, జిగురుగా ఉంది. ఇన్నేళ్ళు నేను ఆయన చెయ్యి అనుకున్నది అదేనా అని చూస్తూ ఉండిపోయాను.

వాళ్ళ నాన్న చెప్పిన మాట దగ్గరికి వచ్చేసరికి ఉత్తరం మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. నయన, "చదువుమా" అంది. మళ్ళీ మొదటి నుంచి ఆ మాట చదివించుకుంది. వాళ్ళ నాన్న ఇంజన్ ముందు ఎట్లా ఉండేవాడో దానికి ఎవరూ చెప్పలేదు. నేను మంచం మీది మనిషినే చెబుతూ వచ్చాను.

గొట్టం నయనే జె.సి. రోడ్డుకు పోయి తెచ్చింది. అంగట్లో మెరిసే ఎర్రదాని మీదికి మనసు పోయిందట, "మామ తిడతాడని వదిలేసినాను" అంది. అంబరీష్ రెండు కొసలూ కొలిచి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూసి బిగించాడు. నువ్వు చెప్పినట్టు తెల్లబట్ట అద్దాను, పొడిగా ఉంది. రైలు కట్ట దాకా నడిపి తెచ్చాక చక్రం ఎత్తి తిప్పాడు. తిరుగుతూనే ఉంది. అది ఆగేదాకా ముగ్గురం చూస్తూ నిలబడ్డాం.

నిన్న పూజ చేశాం. విభూతి, కుంకుమ, చామంతి దండ. కప్పు జోలికి పోలేదు, మూత మీద బొట్టు మాత్రం పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. నయన బండి ఎక్కి నా వైపు చూసి, "ఎక్కుమా, ఒక రౌండు పోయి వస్తాము" అంది. గాయం తర్వాత అది నాతో నవ్వుతూ మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన వెనక తప్ప ఎవరి వెనకా కూర్చోలేదు నేను. ఎక్కాను. నిమ్మకాయలు చిట్లిన చప్పుడు విన్నాను.

గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ పక్క దిగుడులో ఒక మేక అడ్డం వచ్చింది. నయన బ్రేకు పట్టింది. బండి నిలిచింది. మేక నిదానంగా దాటిపోయింది. నయన బ్రేకు వదిలింది, బండి కదిలింది. ఇంతే అన్నా. పట్టుకోమన్నప్పుడు పట్టుకుంది, వదలమన్నప్పుడు వదిలింది. నేను దాని వీపుకు ముఖం ఆనించి ఏడ్చాను. బాధతో కాదు.

అసలు సంగతి ఇంకా రాయలేదు. బయలుదేరే ముందు జరిగింది అది. నేను వెనక సర్దుకుని కూర్చోగానే నయన టాంకు మీద చేత్తో మూడుసార్లు తట్టింది.

ఇంటికి వచ్చాక అడిగాను. "నేను యాడ తట్టినాను? లేదేమా" అంది. అబద్ధం చెప్పే ముఖం కాదది. మూడుసార్లు గంట కొట్టే మాట ఉన్న నీ పాత ఉత్తరం నేను ఎవరికీ చదవలేదు, దానికి తెలుగు చదవడం రాదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ముందు టాంకు మీద కూర్చునేది, చూసి ఉంటుంది, చేతికి గుర్తుండి ఉంటుంది అని నువ్వంటావు. నేనూ అదే అనుకుంటున్నాను. ఇప్పుడు ముందు గదిలో దీపం పెట్టాలంటే భయం లేదు.

ఎవరు ఎక్కారని ఆ గంట అని రాశావు కదా. ఆదివారం రా. టవరు వైపు చూడకు. నయన బండి తీసుకుని బస్సు దగ్గరికి వస్తుంది. వెనక కూర్చో. నీకు వినపడదు, కాబట్టి బయలుదేరే ముందు పిల్ల కుడిచెయ్యి చూడు.

నీ చెల్లెలు
గంగ